నడక తెలిసిన నేల

హైదరాబాదులో ఒంటరి ఆడపిల్లకు పీహెచ్‌డీ సీటు దొరకడం కంటే అద్దెగది దొరకడం కష్టం. రెండూ వెతికినదాన్ని కాబట్టి ధీమాగా చెబుతున్నాను. ఐదేళ్లు నిండిన మర్నాడే యూనివర్సిటీ హాస్టల్ వాళ్లు సామాను సర్దుకోమన్నారు. థీసిస్ ఇంకా సగంలోనే ఉంది. వచ్చే జూన్‌లోగా ఇవ్వకపోతే అన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే.

ఆ ఎండల్లో టూలెట్ బోర్డులు చదువుకుంటూ కాళ్లరిగేలా తిరిగాను. ఒకచోట గది బాగానే ఉంది గానీ, బాత్రూమ్ వెంటిలేటర్‌కు సరిగ్గా ఎదురుగా ఓనరుగారి బావమరిది కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటాడు. ఎప్పుడు చూసినా అదే పేపరు. ఇంకోచోట ఒకావిడ "మీరేంటోళ్లు?" అని కులం అడిగింది. చెప్పాను. "మా మామగారిని అడగాలె" అంది. మామగారు అప్పటికే గోడమీద దండతో ఉన్నారు. చివరికి ఒక ప్రైవేటు హాస్టల్లో ఆరుగురుండే గదిలో చేరాను. దాని తలుపుకు గొళ్లెం లేదు. ఒకసారి నా ల్యాప్‌టాప్ పోయింది. అప్పట్నుంచీ తలుపుకు నీళ్ల బకెట్టు అడ్డం పెట్టి పడుకునేవాళ్లం. బయట ఎవరైనా దగ్గితే చాలు, ఆరుగురం ఒకేసారి లేచి కూర్చునేవాళ్లం.

అలాంటి రోజుల్లో మా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఆ కాగితం చూశాను. చేత్తో రాసి ఉంది. తార్నాక వెనక గల్లీలో గది, అద్దె బయట ఉన్నదాంట్లో సగం. ఆడపిల్ల మాత్రమే. ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, బరువు యాభై కిలోలు, కాస్త అటూఇటూ అయినా ఫర్వాలేదు.

నాకు ఒళ్లు మండింది. ఎత్తూ బరువూ చూసి గది ఇచ్చే పెద్దమనిషి ఎవరో, నాలుగు చీవాట్లు పెట్టి వద్దామని వెళ్లాను. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలే. ఆ మాట కూడా నిజమే.

*

వీరాచారి గారికి డెబ్బై ఏళ్లుంటాయి. ఏదో కంపెనీలో మిల్లీగ్రాములు తూచే త్రాసులు తయారుచేసి రిటైరయ్యారట. మేడ మీద గది, కింద ఆయనా, ఆయన భార్యా. లోపలి మెట్లు, అందరికీ ఒకటే తలుపు. చీవాట్ల కోసం నోరు తెరవబోయాను, ఆయనే ముందు మాట్లాడారు.

"ఏం తింటవ్, ఎప్పుడొస్తవ్, నీ కోసం ఎవరొస్తరు, ఇవేవీ నేనడుగ బిడ్డా. మీదికి పోయి గా కిటికీ దాకా నడిచి రా. గంతే."

"సంతలో పశువును నడిపించి చూసినట్టా సార్?"

ఆయన రెండు చేతులూ జోడించారు. "తప్పుగ అనుకోకు. ఈ ఇంటి తలుపుకు తాళం లేదు. అరుగు నుంచి మేడ దాంక టైల్స్ కింద ఒక పొర పరిచిన. ఎవరి అడుగు ఎట్ల పడుతదో అది పట్టుకుంటది. తెలిసిన నడకైతే తలుపు తీస్తది, లేకుంటే లేదు. తాళంచెవి ఎవడన్న ఎత్తుకపోతడు. నడక ఎవడెత్తుకపోతడు?"

నా కోపం ఎటుపోయిందో. ఎందుకంటే నేను చదివేదే నడక. మా ల్యాబ్‌లో ఎనిమిది మీటర్ల పట్టీ ఒకటుంది. దానిమీద నడిస్తే ఏ పాదం ఎంతసేపు ఆనింది, మడమ మీద ఎంత బరువు పడింది, అన్నీ కంప్యూటర్‌లో గీతలుగా వస్తాయి. కాలు పోయినవాళ్లకు మోటారున్న పాదం అమర్చి, దానికి ఒక మంచి కాలి నడకను నేర్పుతాం. ఒకసారి నేర్పితే సరిపోదు, నెలనెలా దిద్దాలి. ఆ మంచి కాలు ఎవరిదంటే నాదే. వాలంటీర్లను వెతికి, ఒప్పించి, టీ తాగించే ఓపిక లేక, మొదటి ఏడాదే నా పేరు రాసేసుకున్నాను. అన్నీ మారతాయేమో గానీ నా నడక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను. మా రీసెర్చ్ స్కాలర్లందరం చేసే పనే ఇది.

మేడ ఎక్కి కిటికీ దాకా నడిచి వచ్చాను. కింద హాల్లో మంచం మీద కూర్చున్న ఆయన భార్య పైకప్పు వంక చూస్తూ "దొంగ, దొంగ" అని అరిచింది. ఆవిడ పేరు కళావతమ్మ. మతిమరుపు జబ్బట. "కొత్త సప్పుడు కదా, ఆమెకు పడదు. ఒక్క నెల ఓపిక పట్టు" అన్నారు వీరాచారి గారు. "గప్పటిదాంక, నేల పనిచెయ్యనప్పటికని పెట్టిన ఈ చేతితాళం వాడు. నెలకు తలుపే నిన్ను గుర్తుపడుతది."

ఆదివారం మా అమ్మ సూర్యాపేట నుంచి బియ్యం సంచీ మోసుకుని వచ్చింది. ఇల్లంతా చూసి, తలుపు సంగతి విని, నమ్మకం లేకపోయినా సంతోషపడింది. కొత్త గిన్నెలో పాలు పొంగిద్దామంది. గడప దగ్గర నా భుజం పట్టి ఆపింది.

"కుడికాలు పెట్టి పో."

పెట్టాను. లోపల మంచం మీద నుంచి కళావతమ్మ నవ్వింది. "కుడికాలా? ఎవరో బయటోళ్లు" అంది, మెల్లగా, తనలో తను.

అమ్మ వెళ్లేముందు మెట్ల మీద కూర్చుని పాన్ నములుతూ ఒక మాటంది. "నడక చూసి మనిషిని గుర్తుపట్టుడు పెద్ద ఇకమతా? నేను పెరట్ల ఉండంగ నువ్వు గల్లీ మలుపు తిరిగితెనే నాకు ఎరుకైతది."

*

ఆ నెల రోజులూ పాదాల కింద ఏదో కదిలినట్టుండేది. అడుగు వేసినప్పుడు టైలు వెంట్రుకవాసి లేచి, వెంట్రుకవాసి దిగినట్టు. మెట్ల మీదైతే ఇంకా తెలిసేది. ఎవరో కింద నుంచి అరచెయ్యి పెట్టి పాదాన్ని అటు కాదు ఇటు అని జరుపుతున్నట్టు అనిపించి మొదట్లో ఒళ్లు జలదరించింది. నేల నన్ను నేర్చుకుంటోంది కదా అని సర్దిచెప్పుకున్నాను. చదువుకున్నదాన్ని, ఇంకేం అనుకుంటాను.

ఇరవయ్యారో రోజున రెండు చేతుల్లో కూరగాయల సంచులతో అరుగెక్కాను. తాళం తీయడానికి చెయ్యి ఖాళీ లేదు. ఎడమకాలు ముందు పడింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల ఫ్యాను తిరగడం మొదలైంది, వంటింట్లో లైటు వెలిగింది. కళావతమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"వచ్చినవా బిడ్డా?"

"వచ్చిన అమ్మా" అన్నాను. పెద్దవాళ్లు అడిగితే ఎవరైనా అదే అంటారు.

గోడవారగా నిలబడ్డ వీరాచారి గారు కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు. తాను చేసిన వస్తువు పనిచేసినందుకు ఆనందం కాబోలనుకున్నాను.

ఆ తర్వాతి నాలుగు నెలలూ నా జీవితంలో మంచి రోజులు. చెప్పడానికి సిగ్గేం లేదు. మా ముగ్గురికి తప్ప తలుపు మరో మనిషికి తెరుచుకోదు. గొళ్లెం రెండోసారి చూసుకోకుండా, బకెట్టు లేకుండా, ఫోను చేతిలో పట్టుకోకుండా పడుకున్నాను. మూడు అధ్యాయాలు రాశాను. ఎడమకాలు ముందు పెడితేనే తలుపు తీస్తుందని అర్థమైంది గానీ, యంత్రాలకు అలాంటి పిచ్చి అలవాట్లుంటాయి, అలవాటు పడ్డాను. సాయంత్రం ఆరింటికి ల్యాబ్ నుంచి రాగానే కళావతమ్మ పక్కన కూర్చుని జడ వేసేదాన్ని. ఆవిడ నా పేరు ఎప్పుడూ అడగలేదు. నేను పైకి వెళ్తే పైకప్పు వంక చూస్తూ, నా అడుగులు ఎటు వెళ్తే తల అటు తిప్పుతూ, నిమ్మళంగా ఉండేది. దొంగ అని ఒక్కసారి కూడా అనలేదు.

*

దసరా సెలవుల్లో ఒక పూట సూర్యాపేట వెళ్లాను. వాకిలి తలుపు తీసే ఉంది. అమ్మ పెరట్లో వీపు ఇటు పెట్టి గిన్నెలు తోముతోంది. చప్పుడు చేయకుండా వెళ్లి కళ్లు మూద్దామనుకోలేదు, మామూలుగానే నడిచి వెళ్లాను.

"ఎవలు?" అంది అమ్మ, వెనక్కి చూడకుండానే.

తమాషా అనుకుని నవ్వాను. అమ్మ తిరిగి చూసింది. ఆ ముఖంలో ముందు భయం, తర్వాత నేనే అని తెలిసిన సిగ్గు కనిపించాయి. "నువ్వా. ఎవరో అనుకున్న. కాలికి ఏమన్న దెబ్బ తాకిందా, గట్ల ఈడుస్తున్నవ్?" అంది.

"లేదమ్మా."

"చెప్పులు చూపియ్."

చూపించాను. ఎడమ చెప్పు కొత్తదానిలా ఉంది. కుడి చెప్పు మాత్రం ముందు భాగంలో, బయటి అంచున, బాగా అరిగిపోయింది. అమ్మ దాన్ని చేత్తో తిప్పి తిప్పి చూసింది. అన్నం తింటున్నంతసేపూ నా కాళ్ల వంకే చూసింది.

సెలవుల తర్వాత ల్యాబ్ తెరిచిన రోజున యాదమ్మ వచ్చింది. మెట్టుగూడ చౌరస్తాలో పూలమ్ముతుంది. బస్సు కింద పడి కుడికాలు మోకాలి కింద పోయింది. మా మోటారు పాదంతో ఏడాదిన్నరగా నడుస్తోంది. ఇద్దరి ఎత్తూ బరువూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ పాదానికి నెలనెలా నా కుడికాలి నడకే ఎక్కిస్తాను. ఆ రోజు మణికట్టుకు కట్టుతో వచ్చింది.

"ఈ కాలు నా మాట ఇంటలేదమ్మా" అంది బల్ల మీద కూర్చుంటూ. "ఎనుకట నేనెటంటె అటు నడిచేది. ఇప్పుడు అడుగడుగుకు ముందల జర్ర ఈడుస్తున్నది. గా ఈడ్చుడుకే ఫుట్‌పాత్ మీద బోర్లా పడ్డ. ఇది నువ్వు ముందుగాల ఇచ్చిన కాలు కాదు. ఇది ఎవలదో."

మోటారు పాడైందేమో చూశాను. పాడవలేదు. మా గైడు రుక్సానా మేడం వచ్చి, ఆ పాదంలో ఎక్కించిన చివరి ఐదు నెలల ఫైళ్లు తెరిచింది. చాలాసేపు చూసి కళ్లద్దాలు తీసింది.

"నవనీతా, ఈ ఫైళ్లు ఎవరివి? పేషెంట్లవి కలిపేశావా?"

"లేదు మేడం. అన్నీ నావే."

"ఇవి మొదటి ఏడాదివి, నువ్వు. ఇవి ఈ ఐదు నెలలవి." రెండు గీతలూ పక్కపక్కన పెట్టింది. "చూడు, ఈ అమ్మాయికి చిన్నప్పుడు కుడి తుంటికి ఏదో ఆపరేషన్ జరిగింది. ఎడమకాలితో మొదలుపెడుతుంది, కుడికాలు కొస ఈడుస్తుంది. ఇది నువ్వెలా అవుతావు?"

పట్టీ మీద నడవమంది. నడిచాను. స్క్రీన్ మీద తుంటి ఆపరేషన్ అయిన అమ్మాయి నడిచింది. మళ్లీ నడవమంది, ఈసారి కుడికాలితో మొదలుపెట్టమంది. పెట్టాను. నాలుగో అడుగుకల్లా ఆ అమ్మాయే వచ్చింది.  నేల నన్ను నేర్చుకుంటోందనుకున్నాను, ఇన్నాళ్లూ.

మేడం ఐదు నెలల లెక్కలు కొట్టేసింది. యాదమ్మతో గురువారం పొద్దున రమ్మని, పాత ఫైళ్లు సరిచూసి నా మొదటి ఏడాది నడక ఎక్కిస్తామని, అందాకా కర్ర పట్టుకు నడవమని చెప్పింది. నా వంక మాత్రం చూడలేదు. యాదమ్మ లేస్తూ తన కట్టు చేత్తో నా చెయ్యి తట్టింది. నన్నెందుకు పడేశావని అడగాల్సిన మనిషి నన్ను ఓదార్చి వెళ్లింది.

*

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశాను. వీరాచారి గారు అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"ఎవరి నడక సార్ ఇది?"

ఆయన చిక్కుడుకాయ పక్కన పెట్టారు. అబద్ధమాడతారేమో అనుకున్నాను. ఆడలేదు. లేచి లోపలికి వెళ్లి, బీరువా అడుగు అర నుంచి ఒక జత చెప్పులు తెచ్చి నా ముందు పెట్టారు. కుడి చెప్పు ముందు భాగంలో, బయటి అంచున, అరిగిపోయి ఉంది.

"మా బిడ్డ ప్రసూన" అన్నారు. "ఏడేండ్లప్పుడు తుంటికి ఆపరేషన్ అయింది. పడిపోతదని భయం. ఈ నేల దానికోసమే చేసిన. కాలు తప్పుగ పడితే టైలు జర్రంత లేసి సరిచేస్తది. ఎట్ల నడిస్తే దానికి సుకమో గా నడకనే నేర్పిన. తలుపు సంగతి తర్వాత పెట్టిన, గల్లీల పోరగాండ్లు ఎంటబడుతున్నరని."

"ఇప్పుడెక్కడుంది?"

"మూడేండ్లాయె. డెంగీ. దవాఖానకు ఆటో ఎక్కి, పోయొస్త బాపూ అన్నది, మళ్ల రాలే." ఆయన చెప్పుల జతను సరిచేసి పెట్టారు. "ఈమెకు ఎన్నిసార్లు చెప్పినా యాదికుండదు. చెప్పినప్పుడల్లా కొత్తగ ఏడుస్తది. మీద సప్పుడు లేకుంటే బిడ్డ ఇంకా రాలేదని రోడ్డు మీదికి పోతది. రెండుమార్లు పోయింది. కిరాయికి వేరే పిల్లలను పెట్టి చూసిన. దొంగలని అరిచేది. గప్పుడు నేల మళ్ల షురూ చేసిన, దాని ఎత్తూ బరువూ ఉన్న పిల్ల కోసం కాగితం అంటించిన."

"అంటే నన్ను మలిచారు."

"నీకు నిమ్మళంగ పండుకునే జాగ దొరికింది. ఆమెకు బిడ్డ దొరికింది. ఎవరికి నష్టమని అనుకున్న."

"పూలమ్ముకునే ఆమె పడి చెయ్యి విరగ్గొట్టుకుంది సార్. మా అమ్మ నన్ను ఎవలు అంది. చెప్పి అడగాల్సింది. చెప్పి అడిగితే ఏమనేదాన్నో నాకూ తెలియదు గానీ, అడగాల్సింది."

 నాకు ఆయన మీద అసహ్యం వేసింది, జాలి కూడా వేసింది, రెంటిలో ఏది ఎక్కువో తేల్చుకోలేక ఏడుపొచ్చింది. "ముందు అది ఆపేయండి" అన్నాను.

"ఏది?"

"నేల. కాలు జరిపేది."

వీరాచారి గారు నా ముఖంలోకి చూడలేకపోయారు. "అది ఎప్పుడో బంద్ అయింది బిడ్డా. అడుగు తప్పుపడితేనే అది లేస్తది. నీ కింద అది లేవక మూడు నెలలాయె."

సామాను సర్దడానికి గంట పట్టింది. మళ్లీ ఆ ఆరుగురి గదికే. చేతితాళం అరుగు మీద పెట్టాను. కళావతమ్మ హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. మాట్లాడకుండా వెళ్లిపోదామనుకున్నాను గానీ, నా బ్యాగు వంక చూసి "ఎటు బిడ్డా?" అంది. గడప దాటుతూ పోతున్నానని ఎవరంటారు? మన ఇళ్లల్లో ఆ మాట నోట్లోకే రాదు.

"పోయొస్త అమ్మా" అన్నాను.

అలవాటుగా వచ్చిన మాట. అరుగు మీద వీరాచారి గారు ఆ మాట విని గోడకు చేరగిలబడ్డారు.

*

మూడు రోజులు ల్యాబ్ పట్టీ మీద నన్ను నేను వెతుక్కున్నాను. నా పాత నడక కంప్యూటర్‌లో ఉంది, నా కాళ్లలో లేదు. గీత చూస్తూ నడిస్తే పది అడుగుల దాకా నేనే. ఆలోచన మళ్లిన క్షణంలో ప్రసూన వచ్చేస్తుంది. నేనెన్నడూ చూడని పిల్ల, ఫొటో కూడా చూడలేదు. ఆమె కుడికాలికి ఎక్కడ నొప్పి ఉండేదో మాత్రం నాకు తెలుసు.

గురువారం పొద్దున తొమ్మిదింటికి యాదమ్మ వచ్చింది. ఒంటరిగా రాలేదు. ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుని, చీర కుచ్చిళ్లు దుమ్ముకొట్టుకుపోయి, వట్టి కాళ్లతో కళావతమ్మ ఉంది.

"ఈ అవ్వ పొద్దుగాల సంది నా ఎనక పడ్డదమ్మా" అంది యాదమ్మ. "చౌరస్తల పూలబుట్ట దించి నడుస్తున్న. నా కాలు సప్పుడు ఇని, బిడ్డా బిడ్డా అనుకుంట వచ్చి చెయ్యి పట్టింది. ఇడుస్తలేదు. ఇల్లెక్కడంటె చెప్పదు. నువ్వు తోలుకపో అంటది."

కళావతమ్మ నన్ను చూసింది. ఆ చూపులో గుర్తు లేదు. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను కదా.

వీరాచారి గారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఈలోగా రుక్సానా మేడం యాదమ్మ పాదానికి వైరు తగిలించి, "చెయ్యి నవనీతా, ఆమె మళ్లీ పడకూడదు" అంది. నిజమే. యాదమ్మ తన పొట్ట తానే పోసుకోవాలి, ఇద్దరు పిల్లలున్నారు. మీట నొక్కాను. నా పాత కుడికాలు ఆమెలోకి వెళ్లింది. యాదమ్మ లేచి నాలుగడుగులు వేసి, "హా, ఇది. ఇది నా కాలు" అని సంతోషంగా నవ్వింది. నా నడక అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కళావతమ్మ ఐదో అడుగు దగ్గర ఆమె చెయ్యి వదిలేసింది. ఆ పాదం వంక చూసింది. ముఖం ఒక్కసారిగా బోసిపోయింది.

"ఏది? ఇప్పటిదాంక ఉండె. నా బిడ్డ ఏది?" అంటూ గోడలు తడుముతూ తలుపు వైపు వెళ్లబోయింది. మేడం పట్టుకోబోతే విదిలించుకుంది. ఆవిడ మడమల నుంచి రక్తం కారి గచ్చు మీద మరకలు పడుతున్నాయి.

నేను లేచాను. ఏ గీతా చూడలేదు. మామూలుగా, ఇప్పుడు నాకు మామూలైన తీరులో, గది అటు చివర నుంచి ఆవిడ దగ్గరికి నడిచాను. మూడో అడుగుకే ఆవిడ తిరిగింది.

*

ఆటోలో ఆవిడ నా భుజం మీద తలపెట్టుకుని కూర్చుంది. వీరాచారి గారి ఇంటి ముందు దిగేసరికి పదకొండైంది, ఎండ చురుక్కుమంటోంది. తలుపు మూసి ఉంది. కొట్టాను. ఆయన భార్యను వెతకడానికి వెళ్లి ఉంటారని పక్కింటివాళ్లు చెప్పారు. మళ్లీ ఫోన్ చేస్తే, లోపల హాల్లో బల్ల మీద మోగడం బయటికి వినిపించింది.

రక్తమోడే మడమలతో కళావతమ్మ వేసిన అడుగులను తలుపు గుర్తుపట్టలేదు. ఆవిడ అరుగు మీద నిలబడలేకపోతోంది. పెదవులు ఎండిపోయాయి. పక్కింట్లో కూర్చోబెడదామంటే గడప వదిలి కదలనంది, వాళ్లిచ్చిన నీళ్లు ముట్టలేదు. "తలుపు తియ్ బిడ్డా, దూప అయితుంది" అంది.

వెనక్కి మూడు మెట్లు దిగాను. అమ్మ భుజం పట్టి ఆపిన గడప ఎదురుగా ఉంది. కంప్యూటర్‌లోని నా గీతను మనసులో తలచుకుని, కుడికాలు ముందు పెట్టి, ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ, సూర్యాపేట గల్లీలో నడిచినట్టు నడిచి అరుగెక్కాను. బాగా నడిచాను. ఆ అడుగులన్నీ నేనే.

తలుపు కదల్లేదు.

మళ్లీ దిగి మళ్లీ ఎక్కాను. కదల్లేదు. కళావతమ్మ నా వంక అనుమానంగా చూసి గోడవైపు ఒదిగింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది. "మా ప్రసూన ఏది?"

ఆ ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఇంకొన్నాళ్లు పట్టీ మీద కష్టపడితే నేను నాకు దొరుకుతానని అనుకున్నాను. దొరికేదాన్నేమో. అప్పటిదాకా ఆవిడ నిలబడాలి కదా. మెట్లు దిగాను. ఎడమకాలు ముందు పెట్టాను, కుడికాలిని దాని ఇష్టానికి వదిలేశాను.

తలుపు తెరుచుకుంది. ఫ్యాను తిరిగింది, వంటింట్లో లైటు వెలిగింది. కళావతమ్మ నన్ను తోసుకుని లోపలికి వెళ్లి, మంచం మీద కూర్చుని, చేతికిచ్చిన చెంబులో నీళ్లన్నీ గటగటా తాగింది.

"పోయొస్త అని ఇంతసేపా పోవుడు?" అంది చెంబు దించి.

"వచ్చిన కదమ్మా" అన్నాను.

ఈసారి ఆ మాట ఎవరి తరఫున అంటున్నానో తెలిసే అన్నాను. సాయంత్రం వీరాచారి గారు వచ్చాక, నేను ఉండేదీ లేనిదీ చెప్పకుండానే మేడ మీది గది కిటికీలు తెరిచాను. కింద ఆవిడ తల నా అడుగుల వెంట తిరుగుతూ ఉంటుందని నాకు తెలుసు. జూన్‌కు థీసిస్ ఇచ్చాను, అందులో మంచి కాలు యాదమ్మది, నా పాత నడక ఇప్పుడు ఉన్నది ఆమె పాదంలోనే. ఇప్పుడు సూర్యాపేట వెళ్లినప్పుడల్లా గల్లీ మలుపులోనే ఆగి, గట్టిగా, "అమ్మా, నేను, నవనీతను" అని కేకేసి, ఆ తర్వాతే లోపలికి వెళ్తున్నాను.